సంతృప్తి శాఖలో జీతమెంత, కమీషనెంత

"ప్రభుత్వం చేయవలసిందంతా చేసేసింది. ఇక ప్రజలు చేయవలసింది ఒక్కటే మిగిలింది. వాళ్ళు సంతృప్తి చెందాలి. ఆ పని వాళ్ళకే వదిలేస్తే ఈ జన్మలో చేయరు. అందుకని అది కూడా మనమే దగ్గరుండి చేయించాలని నిర్ణయించాం."

ప్రజా సంతృప్తి శాఖ మంత్రిగారు ఈ మాటలు పలికినప్పుడు నేను ఆ సభలోనే ఉన్నాను. నిజానికి నేను వెళ్ళింది మా వీధికి నీళ్ళు రావడం లేదని అర్జీ ఇవ్వడానికి. అర్జీలు తీసుకునే గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "హాల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ముందెళ్ళి అక్కడ కూర్చోండి. మీరు లేచేసరికి సమస్య ఉంటే అప్పుడు చూద్దాం" అన్నాడు. ప్రభుత్వోద్యోగుల్లో ఇంత ఆశావాదం నేను అంతకుముందు చూడలేదు.

మంత్రిగారి అనుభవం గురించి పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. మొదట రోడ్ల శాఖ చూశారు. రోడ్లు ఆయన్ని తట్టుకోలేకపోయాయి. తర్వాత మంచినీటి శాఖ చూశారు. మా వీధికి నీళ్ళు ఆగిపోయింది ఆ రోజుల్లోనే. ప్రజల అసంతృప్తిని ఇంత దగ్గర నుంచి, ఇన్ని వైపుల నుంచి ఎరిగిన మనిషి మరొకరు లేరు కాబట్టి కొత్త శాఖ ఆయనకే ఇవ్వడం సబబుగా ఉంది.

"సబ్బుల కంపెనీ వాడు సబ్బులు అమ్ముకుంటున్నాడు. పరుపుల కంపెనీ వాడు పరుపులు అమ్ముకుంటున్నాడు. ఇంత మంచి చేసిన మనం ఆ మంచిని అమ్ముకోలేమా?" అని మంత్రిగారు బల్ల గుద్దారు. "సంతృప్తి ప్రతినిధులను నియమిస్తున్నాం. ఓటున్న ప్రతి మనిషి దగ్గరికీ వెళ్తారు. 'నేను సంతృప్తి చెందాను' అని సంతకం పెట్టిస్తారు. ఒక సంతకం, ఒక సేల్. కొంచెం జీతం, బోలెడంత కమీషన్. ఇక నా సంగతంటారా, నాకు ఆ కొంచెం కూడా వద్దు. ఈ రోజు నుంచి నేను జీతం తీసుకోను!"

హాలు దద్దరిల్లింది. నా వెనక కూర్చున్నాయన కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులూ కావాలి కనుక నేను నా అర్జీని కింద పెట్టాను. తర్వాత అది కనబడలేదు.

ఆ వారంలోనే మా బావమరిది నిగనిగలాడే కవరొకటి పట్టుకుని మా ఇంట్లోకి దూసుకొచ్చాడు. "అక్కా, ఆఫర్ లెటర్!"

మా బావమరిది పెద్ద బజారులో పరుపులు అమ్ముతాడు. అతని పద్ధతి తెలిసినవాళ్ళు ఆ షాపు ముందు నుంచి కూడా నడవరు. ధర చెప్పడు. "ఒక్కసారి పడుకుని చూడండి, కొనకపోయినా పర్లేదు" అంటాడు. చెప్పులు విప్పినవాడు ఆ షాపులోంచి పరుపు లేకుండా బయటికి వచ్చిన చరిత్ర లేదు. అయితే ఒక్కటే లోపం. అమ్మేవాడికి అమ్మడం అన్నింటికన్నా తేలిక. కూరగాయలు తరిగే యంత్రాలు, నడుము తగ్గించే బెల్టులు, నక్షత్రాలు చూసే గొట్టం, ఎవరు ఏది తెచ్చినా కొంటాడు. ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళంతా పొద్దున్నే బోణీకి అతని ఇంటికే వెళ్తారు.

మా ఆవిడకు ఈ వ్యవహారాల్లో అనుభవం ఉంది. పెళ్ళైన కొత్తలో ముఖానికి రాసుకునే క్రీముల కంపెనీలో చేరింది. జీతం లేదు, అంతా కమీషనే. ముందు సరుకు మనమే కొనుక్కోవాలి. ఆ పెట్టెలు ఇప్పటికీ మా మంచం కింద ఉన్నాయి. తలుపు బందులు కిర్రుమన్నప్పుడల్లా కొంచెం రాస్తాం. మా ఇంట్లో తలుపులకున్న నిగారింపు మనుషులకు లేదు.

"చదువు" అంది మా ఆవిడ, వంటింటి గట్టు తుడుస్తూ.

"స్థిర వేతనం..." అని మొదలుపెట్టి అంకె దగ్గర గొంతు తగ్గించాడు.

"అది షాపులో ఇచ్చేదాంట్లో సగం కదరా!"

"అది బేసక్కా. బేసు చూసి చేరేవాడు సేల్స్‌మన్ కాదు, గుమాస్తా. కమీషన్ చూడు. 'షాపు జీతానికి ఐదు రెట్ల వరకు.'"

"వరకు అంటే?"

"ఐదు రెట్లు."

"వరకు అంటే సున్నా దగ్గర్నుంచిరా. ఇంతవరకు ఎవరికైనా వచ్చిందా?"

"కొత్త శాఖ కదా. ఇంకా ఎవరూ చేరలేదు."

"మరి ఐదు రెట్లని ఎవరు చూసొచ్చారు?"

"మంత్రిగారు చెప్పారు."

"ఆయన చూశారా?"

"ఆయనకు దూరదృష్టి ఉందక్కా."

మా ఆవిడ గుడ్డ పిండి ఆరేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అంది. అన్నాక, చూలు సంగతి గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. మా బావమరిది భార్యకు అప్పటికి నెలలు నిండుతున్నాయి. ఇంటి అద్దె పెరిగింది. ఇవతల పరుపుల షాపు ఓనరు రెండో షాపు తెరుస్తున్నాడు. "నువ్వు మేనేజర్‌గా ఉంటావా? జీతం ఒకటిన్నర రెట్లు చేస్తా. సోమవారం లోపల చెప్పు. నువ్వు కాదంటే ఇంకొకణ్ణి చూసుకుంటా" అన్నాడు.

"పుట్టబోయేది 'వరకు' తాగి పెరగదురా. పాలు తాగి పెరుగుతుంది" అంది మా ఆవిడ. "చేరాలని అంత దురదగా ఉంటే వెళ్ళి నాలుగు ముక్కలు అడుగు. టార్గెట్ ఎంత? కమీషన్ ఎప్పుడిస్తారు? సంతకం పెట్టినవాడు అడ్డం తిరిగితే ఏంటి? అన్నింటికన్నా ముఖ్యం, ఆ కమీషన్ డబ్బు ఏ పద్దులో పెట్టారు? ఇవి అడక్కుండా సరే అన్నావో, నా గడప తొక్కకు. ఏమండీ, మీరూ వెళ్ళండి. వాడి నోరు జారకుండా చూసుకోండి."

నేను ఇంతవరకు ఎవరి నోరూ పట్టుకోగలిగినవాణ్ణి కాదు. కానీ వెళ్ళాను.

మంత్రిగారి గది చల్లగా ఉంది. ఏసీ నుంచి కారే నీళ్ళకు కింద బకెట్ పెట్టారు. అది నిండగానే ఒకతను వచ్చి ఇంకోటి పెట్టి, నిండినదాన్ని తీసుకెళ్ళి బయట మొక్కలకు పోస్తున్నాడు. ప్రభుత్వంలో నీటి సరఫరా ఇంత క్రమంగా జరిగే చోటు ఒకటుందని తెలిసి నా మనసు కుదుటపడింది.

"ఏం చేస్తుంటావయ్యా?" అన్నారు మంత్రిగారు.

"పరుపులు అమ్ముతానండి."

"ఎట్లా అమ్ముతావు?"

"ముందు పడుకోబెడతానండి. లేచేలోపల బిల్లు చేతిలో పెడతాను."

మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "రాసుకోండి. ఎన్నికల గురించి ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు."

పీఏ రాసుకున్నాడు. మా బావమరిది గొంతు సవరించుకుని, అక్క చెప్పినవి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ మొదలుపెట్టాడు.

"టార్గెట్ ఎంతండీ?"

"నూటికి నూరు."

"తొంభై వస్తే?"

"మిగతా పదిమంది మనుషులు కారా? వాళ్ళు అసంతృప్తితో కుమిలిపోతుంటే నీకు కమీషన్ ఎలా మింగుడుపడుతుందయ్యా?"

మా వాడు సిగ్గుపడ్డాడు. "అంటే... కమీషన్ ఎప్పుడిస్తారండీ?"

"నియోజకవర్గంలో ఆఖరి ఓటరు సంతృప్తి చెందిన మర్నాడు. అందరికీ ఒకేసారి. స్టేజీ మీద."

"సంతకం పెట్టినవాడు మళ్ళీ ఫిర్యాదు చేస్తే?"

"వాడిది సంతృప్తి కాదు, మోసం. వాడినేం చేయలేం, వాడు ఓటరు. ఆ నెల నీ జీతం కోసేస్తాం."

"పరుపుకైతే పదేళ్ళ గ్యారంటీ ఉంటుందండీ. దీనికో?"

"ఎన్నికల దాకా."

ఇక మిగిలింది పద్దు ప్రశ్న. మా వాడు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే మంత్రిగారు కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, అతని భుజం మీద చెయ్యి వేశారు. "నాకు జీతం లేదు తెలుసుగా? అయినా నా మొహంలో దిగులుందా? మనిషికి కావాల్సింది బేసు కాదు, నమ్మకం. అదిగో, నా కుర్చీ. ఒక్కసారి కూర్చుని చూడు. చేరకపోయినా పర్లేదు."

నేను అతని చొక్కా పట్టుకుని లాగాను. అప్పటికే ఆలస్యమైంది. మా బావమరిది చెప్పులు విప్పి మరీ కూర్చున్నాడు.

సంతకం అయ్యాక పీఏ చుట్టూ చూసి, "బోణీ ఎవరితో చేద్దాం?" అన్నాడు. గదిలో వాళ్ళ మనిషి కానిది నేనొక్కణ్ణే. "నేను నీళ్ళ గురించి అర్జీ పెట్టినవాణ్ణండీ" అన్నాను. "అర్జీ పెట్టినవాడు సంతృప్తి చెందడమంటే మామూలు విషయమా! మీలాంటి వాళ్ళ కోసమే ఈ శాఖ" అని మంత్రిగారు నన్ను కౌగిలించుకున్నారు. బావమరిదికి కొత్త ఉద్యోగంలో మొదటి సేల్. కాదంటే ఏం మనిషిని? పెట్టాను. ఆ రోజు నుంచీ నేను సంతృప్తి చెందిన పౌరుణ్ణి. ఈ వ్యాసంలో ఎక్కడైనా నీళ్ళ ప్రస్తావన వస్తే దాన్ని సమాచారంగా మాత్రమే స్వీకరించమని పాఠకులకు మనవి.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాం. గిన్నె ఒకటి గట్టు మీద పెట్టింది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

"పోనీ, షాపు ఓనరుతో ఏమన్నావు?" అంది చివరికి.

"దారిలోనే ఆగి, మానేస్తున్నానని చెప్పేశానక్కా. ఆయన కోప్పడలేదు. బేసెంత, కమీషనెంత అని వివరంగా అడిగాడు."

ఎందుకు అడిగాడో రెండు వారాల్లో తెలిసింది. ఓనరు కొత్త షాపు ఆలోచన మానుకున్నాడు, పాత షాపు షట్టరు దించేశాడు, ప్రతినిధులందరి మీదా ఏరియా మేనేజరుగా చేరాడు. ప్రతి ప్రతినిధి కమీషన్లోనూ ఆయనకు వాటా అట. కమీషన్ అందరిదీ కలిపి ఎంతవుతుందో ఆయన కాగితం మీద వేసి చూపిస్తే నాకు తల తిరిగింది. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదేనని అంతకుముందు వినడమే గాని, అరచెయ్యి అంత దగ్గరగా చూడటం అదే మొదలు. మా బావమరిదికి మాత్రం వెనక్కి వెళ్ళడానికి షాపు లేకుండా పోయింది.

పాలసీలు అమ్మినవాళ్ళెవరైనా చుట్టాలతోనే మొదలుపెడతారు. మా వాడూ అంతే. అత్తవారు, పిన్నిగారు, బాబాయి, బాబాయి తోడల్లుడు అయ్యాక మా వీధి పట్టాడు.

"ఒక్కసారి సంతృప్తి చెంది చూడండి మాస్టారూ. నచ్చకపోయినా పర్లేదు" అన్నాడు రిటైరైన హెడ్మాస్టరు గారితో.

"కుళాయిలో నీళ్ళు రావడం లేదు కదయ్యా!"

"నీళ్ళ బిల్లు వస్తోందాండీ?"

"అది టంచనుగా వస్తోంది."

"అంటే ఆఫీసు పనిచేస్తున్నట్టేగా?"

"చేస్తున్నట్టే."

"పైపు లీకవుతోందా?"

"నీళ్ళుంటే కదా లీకవడానికి!"

"అంటే రిపేరు ఖర్చు కూడా లేదు. బిల్లు కట్టించుకునే ఆఫీసు ఉంది, లీకేజీ లేదు. ఇంకేం కావాలండీ మీకు?"

మాస్టారు నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినవారు. ఎక్కడో ఏదో తప్పుందని ఆయనకు తెలుస్తోంది కాని ఏ మెట్టు దగ్గరో అంతు చిక్కలేదు. సంతకం పెట్టారు. టైలరు పెట్టాడు. మేడ మీద వాటాలో ఉండే నర్సమ్మ, డ్యూటీకి ఆలస్యమవుతోందని చదవకుండానే పెట్టింది. కొన్నాళ్ళకు మాస్టారి కొడుకు కూడా ప్రతినిధిగా చేరాడు, టైలరు తమ్ముడు చేరాడు. ఎవరికి వాళ్ళు తమ వీధి అయిపోగానే పక్క వీధిలో చుట్టాల కోసం వెతుక్కున్నారు.

దీనివల్ల మా వీధిలో మర్యాద బాగా పెరిగింది. ఒకరు ఫిర్యాదు చేస్తే ఇంకొకరి ఇంట్లో కుర్రాడికి జీతం కోత. పొద్దున్నే నీళ్ళ లారీ దగ్గర బిందెలు పట్టుకుని నిలబడినప్పుడు ఎవరూ నోరు జారేవారు కాదు. "నీళ్ళు చాలా సంతృప్తికరంగా రావడం లేదండీ" అనేవాడు టైలరు. "అవును, రాకపోయినా ఎంత పద్ధతిగా రావడం లేదో చూశారా" అనేవారు మాస్టారు. మెట్లెక్కి రెండు బిందెలు మోసిన నర్సమ్మ ఒకసారి నడుం పట్టుకుని ఏదో అనబోయి, మా బావమరిదిని చూసి, "సుఖంగా ఉంది" అంది. అతను అప్పటికి తండ్రయ్యాడు. ఆడపిల్ల. ఆ సగం జీతంలోంచి అద్దె పోను మిగిలింది పాలకు సరిపోతోంది, అంతే. ఆ పిల్ల మొహం చూసి ఎవరికీ ఫిర్యాదు చేయబుద్ధి కాలేదు.

సంతకం పెట్టనిది మా ఆవిడ ఒక్కతే.

"అక్కా, నా టార్గెట్..."

"నా సంతకం నా దగ్గరుంటుందిరా. దానికేం తిండి పెట్టక్కర్లేదు."

కొన్నాళ్ళు గడిచేసరికి నియోజకవర్గమంతటా మిగిలింది ఆవిడేనని తేలింది. అప్పటినుంచి మా ఇంటికి రాకపోకలు పెరిగాయి. మొదట మాస్టారు వచ్చారు. అటూ ఇటూ చూసి, "అమ్మాయ్, లారీ నీళ్ళలో తుప్పు వస్తోంది. నేను అనకూడదు. నా తరఫున కూడా కాస్త నువ్వే అసంతృప్తిగా ఉండు" అన్నారు. తర్వాత టైలరు, వీధి దీపం గురించి. నర్సమ్మ, గుంతల గురించి. పక్క వీధుల వాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో చెప్పుల వరస పెట్టారు. అందరి అసంతృప్తులూ మా ఆవిడ తన పేరు మీద రాసి పంపేది. ఒక మనిషికి ఇన్ని బాధలుండటం శాఖవారిని కలవరపెట్టింది. చివరికి మంత్రిగారే స్వయంగా బయల్దేరారు.

అంత పెద్దాయన మా వంటింట్లోకి వచ్చారు. కుర్చీ ఒక్కటే ఉంది, దాని మీద బియ్యం డబ్బా ఉంది. మంచం కింద నుంచి క్రీముల పెట్టె లాగి వేస్తే ఏ భేషజమూ లేకుండా దాని మీదే కూర్చున్నారు. పీఏ తలుపు దగ్గర నిలబడ్డాడు. మా బావమరిది పిల్లను భుజాన వేసుకుని గోడకు ఆనుకున్నాడు. కిటికీ బయట మా వీధి మొత్తం ఊపిరి బిగబట్టింది.

"తల్లీ, నువ్వొక్క సంతకం పెడితే నూటికి నూరు. రేపే కమీషన్లు. ఇంతమంది పిల్లల భవిష్యత్తు నీ చేతిలో ఉంది" అన్నారు మంత్రిగారు, కాగితమూ పెన్నూ ముందు పెట్టి.

"ఐదు రెట్లక్కా" అన్నాడు మా బావమరిది. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. నాకు వాణ్ణి చూస్తే జాలేసింది. పెట్టేస్తే పోలేదా అనిపించింది కూడా.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుని పెన్ను అందుకుంది. అందుకుని, "ఆ కమీషన్ డబ్బు ఏ పద్దులో పెట్టారండీ?" అంది.

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ పైకప్పు వైపు చూశాడు. పైకప్పు వైపు నేనూ చూశాను. అక్కడేమీ రాసి లేదు.

"జీతాలైతే బడ్జెట్లో ఉన్నాయమ్మా" అన్నాడు పీఏ. "కమీషన్లంటే... ప్రజలంతా సంతృప్తి చెందితే, అది చూసి ఆర్థిక శాఖ వారు కూడా సంతృప్తి చెంది..."

"చెందితే?"

"కమిటీ వేస్తారు."

మా బావమరిది పిల్లను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. వాడి మొహం పరుపులోంచి దూది తీసేసినట్టు అయింది.

"సరే. నేను సంతకం పెట్టాక మావాడి జీతం సంగతేంటి?" అంది మా ఆవిడ.

"నూటికి నూరయ్యాక ఇంకేం పనుంటుందమ్మా? విజయోత్సవం చేసి శాఖను మూసేస్తాం" అన్నారు మంత్రిగారు గర్వంగా.

"మరి మీరు?"

"నాదేముంది, నేను జీతం తీసుకోవడం లేదు కదా."

"బంగళా ఉందిగా?"

"ఉంది."

"కారు?"

"రెండు."

"శాఖే లేకపోతే అవి?"

ఈ విషయం మంత్రిగారికి ఇంతవరకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన పీఏ వైపు చూశారు. పీఏ కూడా తన సంగతి ఆలోచించుకుంటున్నట్టున్నాడు, ఈసారి పైకప్పు వైపు కూడా చూడలేదు. వీధిలో మా మాస్టారు దగ్గడం వినిపించింది.

మంత్రిగారు మెల్లగా వంగి, మా ఆవిడ చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"తొందరేం లేదు తల్లీ" అన్నారు, ఎంతో ఆప్యాయంగా. "అసంతృప్తి కూడా ప్రజాస్వామ్యంలో ఒక హక్కే. నిదానంగా ఆలోచించుకో. ఏళ్ళు పట్టినా సరే. పీఏగారూ, ఈవిడను సంతకం పెట్టమని ఎవరైనా వేధిస్తే ఊరుకునేది లేదు."

మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. "చివరి పౌరురాలు సంతృప్తి చెందేదాకా విశ్రమించం: మంత్రి." శాఖను పొడిగించారు. ఒక్క మనిషి కోసం ఒక శాఖ మొత్తం పనిచేయడం మరెక్కడా లేదని సంపాదకీయాలు రాశారు. ప్రతినిధులందరికీ నెలనెలా ఆ సగం జీతం అందుతోంది. పరుపుల ఓనరు మా ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పి దణ్ణం పెట్టి వెళ్తాడు. ఇదివరకు లేని గౌరవం మా ఆవిడకు పుట్టింటి వైపు కూడా వచ్చింది.

అయితే ఇది ప్రభుత్వం, నోటిమాట మీద నడవదు. నెలకొకసారి పీఏగారు స్వయంగా వచ్చి విచారించాలి. వస్తారు, గుమ్మంలో నిలబడతారు.

"ఏమ్మా, అసంతృప్తేనా?"

"అసంతృప్తేనండీ."

"కారణం?"

"నీళ్ళు రావడం లేదు."

"సంతోషం" అని రాసుకుని వెళ్ళిపోతారు. దీపాలూ గుంతలూ కూడా చెప్పబోతే, ఒక్క కారణం చాలమ్మా, ఎక్కువైతే ఎవరైనా బాగుచేస్తారని భయం అన్నారు ఒకసారి.

అంతా సవ్యంగా సాగుతుండగా మంచినీటి శాఖకు కొత్త ఇంజనీరు బదిలీ మీద వచ్చాడు. కుర్రవాడు, కొత్త. ఎవరినీ అడక్కుండా పెద్ద పైపు తవ్వించి బాగుచేయించేశాడు.

ఆ రోజు పొద్దున నేను పళ్ళు తోముకుంటున్నాను. దొడ్లో కుళాయి దగ్గింది. ముందు గాలి వచ్చింది, తర్వాత ఎర్రటి నీళ్ళు, తర్వాత తెల్లగా, ధారగా, ఆగకుండా. మా ఆవిడ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. నేను బ్రష్షు నోట్లోంచి తీయడం మర్చిపోయాను. పక్కింట్లోంచీ, మేడ మీద నుంచీ అదే చప్పుడు. ఎవరూ కేక వేయలేదు. వీధి వీధంతా ఇళ్ళలోపల నిలబడి నీళ్ళ చప్పుడు వింటోంది. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చిందని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

అంతలో మా బావమరిది పరుగున వచ్చాడు. కాలికి ఒక్క చెప్పే ఉంది. చంకలో పిల్ల.

"అక్కా! పీఏగారు... మలుపు దగ్గర కారు దిగారు..."

కుళాయి చూసి ఆగిపోయాడు. ఎంత పెద్ద గిరాకీకైనా మాట తడుముకోని మనిషి, నీళ్ళ వైపూ అక్క వైపూ చూస్తూ నిలబడ్డాడు. మా ఆవిడ చెయ్యి చాపి పిల్లను తీసుకుంది. ధార కింద దాని కాళ్ళు పెట్టింది. అది చల్లదనానికి ఉలిక్కిపడి, తర్వాత కిలకిలా నవ్వింది, రెండు చేతులతో నీళ్ళను పట్టుకోబోయింది. మా ఆవిడ దాని మొహం కడిగింది, కాళ్ళు కడిగింది, కొంగుతో తుడిచి తమ్ముడికి ఇచ్చింది.

తర్వాత కుళాయి కట్టేసింది. ఇంకో చుట్టు బిగించింది.

"ఏమ్మా, అసంతృప్తేనా?" అన్నారు పీఏగారు గుమ్మంలోంచి.

"అసంతృప్తేనండీ."

"కారణం?"

"నీళ్ళు రావడం లేదు."

పీఏగారు పిల్ల తడి పాదాల వైపు చూశారు. దొడ్లోని తడి గచ్చు వైపు చూశారు. కాగితం మీద రాసుకుని, "సంతోషం" అన్నారు.

నేను బిందె తీసుకుని ఆయన వెనకే వీధిలోకి వచ్చాను. అక్కడ మాస్టారు, టైలరు, నర్సమ్మ, పరుపుల ఓనరు, అందరూ అప్పటికే ఖాళీ బిందెలతో వరసలో నిలబడి ఉన్నారు. లారీ ఇంకా రాలేదు. నేను వెళ్ళి చివర నిలబడ్డాను. పీఏగారి కారు మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు.